అల్లుడి అలర్టు, మామగారి అలక

తిరుపతి నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు రాసిన ఉత్తరం ఇది. పేరు, వీధి బయటపెట్టొద్దన్నారు. రూళ్ల కాగితాల మీద చేత్తో రాసి, ఫొటోలు తీసి పంపారు. చాలా పెద్ద ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

మాస్టారి కూతురు, అల్లుడు, మనవరాలు అమెరికాలో నార్త్ కరోలినాలో ఉంటారు. అల్లుడిది మదనపల్లె. డిసెంబరు సెలవుల్లో అందరూ కలిసి ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌కి వెళ్లాలని ప్లాను. మాస్టారు, ఆయన భార్య నవంబరు చివర్లో అమెరికా చేరుకుంటారు. మనవరాలికి అయిదేళ్లు నిండేది ఆ డిస్నీ ట్రిప్పులోనే. పుట్టినరోజు నాడు రాకుమారి గౌను వేసుకుని సిండ్రెల్లా కోటలో భోంచేయాలని ఆ పిల్ల కోరిక. కోటలో నిజంగానే సిండ్రెల్లాస్ రాయల్ టేబుల్ అనే రెస్టారెంటు ఉంది. అందులో టేబుల్ దొరకడం వైకుంఠ ఏకాదశి దర్శనం దొరకడం లాంటిదని మొదట అన్నది అల్లుడేనట.

బుకింగ్ తెరిచిన రోజు అల్లుడు తెల్లవారుజామునే లేచి లాప్‌టాప్ ముందు కూర్చున్నా దొరకలేదు. దాంతో ఒక అలర్టు సర్వీసుకి డబ్బు కట్టాడు. ఎవరైనా టేబుల్ రద్దు చేసుకుంటే ఫోనుకి మెసేజ్ వస్తుంది. నెలకు పది డాలర్ల లోపే. ఇప్పటికి రెండుసార్లు మెసేజ్ వచ్చింది, రెండుసార్లూ ఈయన తెరిచేలోపే ఎవరో ఎగరేసుకుపోయారు. "ఈలోగా ఎందుకైనా మంచిదని అదే రోజుకి వేరే రెండు చోట్ల, ఒకటి తన పేరు మీద, ఒకటి అమ్మాయి పేరు మీద, టేబుళ్లు పట్టి పెట్టాడు" అని ఒక్క వాక్యం రాసి, మాస్టారు వేరే సంగతిలోకి వెళ్లిపోయారు.

ఆయన బాధ వేరే. "ముప్పై ఏళ్లకు పైగా తిరుపతిలో ఉన్నాను. ఒక్కసారి కూడా సిఫార్సు లెటరుతో కొండెక్కలేదు. దళారీకి పైసా ఇవ్వలేదు. తిరుపతిలో ఇల్లుంటే బంధువుల దృష్టిలో దేవస్థానంలో ఉద్యోగం ఉన్నట్టే. నెల్లూరు నుంచి మా తమ్ముడు పదిమందిని వెంటేసుకొచ్చి ఎమ్మెల్యే లెటర్ ఇప్పించమంటే కుదరదన్నాను. రెండేళ్లు మాట్లాడలేదు వాడు. అలాంటిది నా సొంత అల్లుడు డబ్బు కట్టి పదిమందిని దాటిపోవాలని చూస్తున్నాడు. వీడియో కాల్‌లో ఉండబట్టలేక అడిగాను, 'ఇదీ బ్లాకే కదయ్యా, బస్టాండు దగ్గర దళారీ చేసే పనికీ దీనికీ తేడా ఏముంది?' అని. 'నేను ఎవరి టికెట్టూ లాక్కోలేదు మామయ్యా' అన్నాడు. అంతే. అప్పట్నుంచి ఫోను చేస్తే 'బాగున్నారా' అని అడిగి పాపకి ఇచ్చేస్తున్నాడు. దొరకలేదని చెబితే పిల్ల వినదా? మేం మా పిల్లలకు లేదని చెప్పి పెంచలేదా?"

మాస్టారి భార్య అల్లుడి పక్షం. "మీ మేనల్లుడి వాట్సాప్ గ్రూపులో మీరు లేరా? మూడొందల రూపాయల దర్శనం టికెట్లు వదిలారని వాడు మెసేజ్ పెడితేనే కదా మా అన్నయ్య వాళ్లకి బుక్ చేసింది" అని దెప్పుతున్నారట. అది ఉచితం కదా అని ఈయన వాదన. కానీ ఆ మేనల్లుడే ఇప్పుడు గ్రూపుకి నెలకు యాభై రూపాయలు పెడదామా అని మామ సలహా అడుగుతున్నాడు. "నేను తప్పుగా మాట్లాడానా? ఆ టేబుల్ దొరికితే నేను అక్కడ కూర్చోవచ్చా?" అని ఉత్తరం ముగించారు.

మాస్టారూ, నమస్కారం.

మాది చిత్తూరు. దర్శనం ఫోన్లు తిరుపతి వాళ్లకే వస్తాయని అనుకోకండి, "మీకు దగ్గరే కదా" అంటూ మాకూ వస్తాయి. సొంత తమ్ముడి మొహం మీద కుదరదని చెప్పడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో నాకు తెలుసు. అలా నిలబడ్డ మనిషికి అల్లుడి ఫోనులో డబ్బు కట్టిన అలర్టు చూసి ఒళ్లు మండటంలో వింతేమీ లేదు. కానీ కోపంలో మీరు రెండు మూడు వేర్వేరు పనుల్ని ఒకే గాటన కట్టేశారు. విడదీసి చూస్తే మీ కోపంలో కొంత తగ్గుతుంది, మిగిలింది వేరే చోటికి మారుతుంది.

ముందు ఆ సర్వీసు చేసేదేమిటో చూద్దాం. ఒక కంప్యూటర్ ప్రోగ్రాం డిస్నీ వాళ్ల బుకింగ్ పేజీని మాటిమాటికీ తెరిచి, ఫలానా తేదీకి ఇంతమందికి టేబుల్ ఖాళీ పడిందా అని చూస్తుంది. పడితే మీ అల్లుడికి మెసేజ్ కొడుతుంది. అక్కడితో దాని పని అయిపోయింది. ఆ టేబుల్ మీద దానికి ఏ పట్టూ లేదు. అదే తేదీ కోరుకున్న మిగతా చందాదారులకీ అదే మెసేజ్ పోతుంది. అలర్టు ఊసే తెలియకుండా, ఊరికే యాప్ తెరిచి చూస్తున్న ఇంకో తండ్రికీ అదే సమయంలో ఆ టేబుల్ కనిపిస్తూ ఉంటుంది. ఎవరు ముందు నొక్కితే వాళ్లది. మీ అల్లుడు డబ్బు కట్టి కూడా రెండుసార్లు పోగొట్టుకున్నాడంటే అందుకే.

దళారీ పని ఇది కాదు. అతను టికెట్‌ను ముందే తన గుప్పెట్లో పెట్టుకుంటాడు, లేదా పెట్టుకున్నట్టు నమ్మిస్తాడు. మామూలుగా వెళితే దొరికే దాన్ని దొరక్కుండా చేసి, తిరిగి మనకే అమ్ముతాడు. ఈ రకం వాళ్లు అమెరికాలోనూ ఉన్నారు. న్యూయార్క్‌లో పేరున్న రెస్టారెంట్లలో ఉచితంగా దొరికే టేబుళ్లను బుక్ చేసి పెట్టుకుని, వందల డాలర్లకు అమ్మడం మరీ ఎక్కువైపోయింది. అక్కడి ప్రభుత్వం 2024 డిసెంబరులో ప్రత్యేకంగా చట్టమే తెచ్చింది. రెస్టారెంటుతో రాతపూర్వక ఒప్పందం లేకుండా దాని రిజర్వేషన్‌ను బయటివాళ్లు అమ్మకూడదు. మన రైల్వే చట్టం 143వ సెక్షన్ కూడా అలాంటిదే. అనుమతి లేకుండా టికెట్లు కొని సప్లై చేసే వ్యాపారం నడిపితే మూడేళ్ల దాకా జైలు. ఫలానా రైల్లో సీట్లు పడ్డాయని ప్లాట్‌ఫారం మీద చెప్పినవాడి మీద మాత్రం ఏ కేసూ ఉండదు.

కాబట్టి "ఎవరి టికెట్టూ లాక్కోలేదు" అన్న మాటలో మీ అల్లుడు అబద్ధం ఆడలేదు. బస్టాండు దళారీతో పోల్చడం ఎక్కువే అయింది. అదీ పాప, అమ్మాయి, మీ ఆవిడ అందరూ చూస్తుండగా.

అలాగని ఆ అలర్టు కడిగిన ముత్యమని నేననను. మీకు కలిగిన ఇబ్బంది ఉత్తదేమీ కాదు. డ్యూటీలో ఫోను ముట్టుకోవడానికి వీల్లేని నర్సు ఒకామె ఉందనుకోండి. ఆమెకీ అయిదేళ్ల కూతురుంది. ఎప్పుడో తీరిక దొరికినప్పుడు ఆమె యాప్ తెరిచి చూసే చూపుకీ, రాత్రీ పగలూ కాపలా కాసే ప్రోగ్రాం చూపుకీ పోటీ లేదు. పైగా ఇలాంటి సర్వీసులో ఇంకో తిరకాసు ఉంది. పదిమందిలో ఒకడు కడితే ఆ ఒక్కడికి లాభం. పదిమందీ కడితే ఎవరికీ లాభం లేదు, అందరూ మళ్లీ మొదటి చోటే నిలబడతారు, కాకపోతే ఇప్పుడు అందరి జేబుల్లోంచీ నెలనెలా డబ్బు పోతుంటుంది. టేబుళ్లు ఒక్కటీ పెరగవు. ఇంకా, తమ పేజీలను ఇలా ప్రోగ్రాములతో తెరవకూడదని చాలా వెబ్‌సైట్లు నిబంధనల్లో రాసుకుంటాయి. అక్కడికి మీ అల్లుడి లెక్కలో ఒకటి రెండు మార్కులు తగ్గించుకోవచ్చు.

కానీ న్యాయం గురించి మాట్లాడేటప్పుడు ఆ క్యూ ఎలా మొదలైందో కూడా చూడాలి. డిస్నీ వరల్డ్‌లో మామూలుగా 60 రోజుల ముందు టేబుళ్ల బుకింగ్ తెరుస్తారు. వాళ్ల సొంత హోటళ్లలో దిగేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. చేరే రోజుకి 60 రోజుల ముందు కూర్చుంటే, ఆ రోజుకే కాకుండా ఆ తర్వాత పది రోజుల దాకా వాళ్లుండే రోజులన్నిటికీ ఒకేసారి బుక్ చేసుకోవచ్చు. అంటే వారం రోజుల బసలో చివరి రోజు టేబుల్‌ని వాళ్లు మిగతావాళ్లకంటే చాలా ముందే పట్టేస్తారు. మీ వాళ్లు డిస్నీ పక్క ఊరైన కిసిమ్మీలో అద్దె ఇల్లు తీసుకున్నామని ఉత్తరంలో మరోచోట రాశారు. అందువల్ల మీ అల్లుడు తెల్లవారుజామున ఆరింటికి కూర్చునేసరికే, పండగ రోజుల కోట టేబుళ్లలో చాలావాటికి హోటల్ గది అద్దె కట్టినవాళ్ల పేర్లు పడి ఉంటాయి. ఆ క్యూలోకి డబ్బు మీ అల్లుడి అలర్టుతో రాలేదు. గేటు దగ్గర యజమానే దానికి వేరే దారి వేసి పెట్టాడు. వందల డాలర్ల గది కొన్నవాడిని ఏమీ అనకుండా, పది డాలర్ల అలర్టు కట్టినవాడిని బ్లాకు అనడం నాకు సబబుగా అనిపించలేదు.

మన కొండ మీద సంగతి మీకు నేను చెప్పాలా! సర్వదర్శనం ఉచితం, కానీ గంటల కొద్దీ కంపార్టుమెంట్లలో కూర్చోగలిగే ఓపిక ఉండాలి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికి డబ్బుతో పాటు వేళ్ల వేగం, మంచి నెట్ కావాలి. శ్రీవాణి ట్రస్టుకి 10,000 రూపాయలు ఇస్తే బ్రేక్ దర్శనం. సిఫార్సు లెటరుకు పలుకుబడి ఉంటే చాలు. సుప్రభాతం, తోమాల, అర్చన లాంటి సేవలకు ఆన్‌లైన్‌లో లక్కీడిప్ తీస్తారు, అక్కడ వేగమూ పలుకుబడీ ఏవీ పనిచేయవు. తక్కువగా ఉన్నదాన్ని ఎక్కువమందికి పంచాల్సి వచ్చినప్పుడు ఏ పద్ధతి పెట్టినా ఎవరో ఒకరికి అనుకూలంగానే ఉంటుంది. వీటన్నిటిలో మీరు జీవితమంతా వద్దనుకున్నది పలుకుబడిని. అది మంచి ఎంపికే. మీ అల్లుడు వాడుతున్నది పలుకుబడి కాదు, వేగం. 300 టికెట్టుకి మీరు మీ బావమరిది కోసం వాడిందీ అదే.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతికి వస్తాను. నాకు ఈ ఉత్తరంలో అసలు ముల్లు అక్కడే కనిపించింది.

అదే రోజుకి వేరే రెండు చోట్ల టేబుళ్లు పట్టి పెట్టారు. ఒకే పేరు మీద ఒకే పూటకు రెండు చోట్ల పెట్టుకుంటే సిస్టం ఒప్పుకోదేమోనని, భార్యాభర్తల పేర్లు చెరొకటి వాడినట్టున్నారు. ఒకటి బీ అవర్ గెస్ట్, ఇంకోటి షెఫ్ మిక్కీస్ అని రాశారు. రెండూ పిల్లలు పడిచచ్చే చోట్లే. అంటే ఈ రోజుకి, ఆ ఒక్క పూటకి, మీ అయిదుగురి కోసం పది కుర్చీలు ఖాళీగా ఎదురుచూస్తున్నాయి. కోట దొరికితే పదీ వదిలేస్తారు. దొరక్కపోయినా అయిదు వదిలేస్తారు. ఎప్పుడు వదులుతారు? చాలా రెస్టారెంట్లలో సకాలంలో రద్దు చేయకపోతే తలకు 10 డాలర్లు కార్డు నుంచి తీసుకుంటారు కాబట్టి, ఆ గడువు దాటకముందు వదులుతారు. అప్పటికి ఆ టేబుల్ కావాలనుకున్న ఇంకో కుటుంబం ఆశ వదులుకుని వేరే ఏర్పాటు చేసుకుని ఉంటుంది. ఆ కుటుంబంలోనూ ఒక తాత ఉంటాడు కదా.

టేబుల్‌ని తనకు అవసరం లేకపోయినా పట్టి ఉంచడం, ఇంకొకరికి అందకుండా చేయడం, ఇదీ దళారీ పనికి కాస్త దగ్గరగా వచ్చేది. అమ్మడం లేదు, నిజమే. కావాలని చేసిన దుర్మార్గమూ కాదు. అక్కడ టూర్లు వేసేవాళ్లలో చాలామంది చేసే పనే. మీ అల్లుడు వైపు నుంచి చూస్తే, పుట్టినరోజు పూట పిల్లని పస్తు పెట్టలేడు కాబట్టి ఒకటి చేతిలో ఉంచుకోవడం తండ్రిగా ఆయన జాగ్రత్త. కానీ రెండు ఎందుకు? ఇలా అందరూ రెండేసి మూడేసి పట్టి పెట్టుకోబట్టే టేబుళ్లు లేవన్నట్టు కనిపిస్తాయి. చివర్లో రద్దులు పడతాయి. ఆ రద్దుల్ని పట్టిచ్చే అలర్టులకు గిరాకీ పెరుగుతుంది. మీరు మండిపడాల్సింది ఏమైనా ఉంటే దీని మీద. దీని గురించి మాట్లాడితే మీ అల్లుడు వినే అవకాశం కూడా ఎక్కువ, ఎందుకంటే ఇది ఆయన ఒక్క బటన్ నొక్కి సరిదిద్దుకోగలిగిన పని.

మీ ఆవిడ దెప్పిన వాట్సాప్ గ్రూపు దగ్గరికి వద్దాం. ఆమె మాటలో పాయింటు ఉంది. కోటా వదిలారని మీ మేనల్లుడు చెప్పడం, టేబుల్ పడిందని ఆ ప్రోగ్రాం చెప్పడం, పని ఒకటే. ఉచితమా, డబ్బా అన్నది చిన్న తేడా కాదు, కానీ పాపపుణ్యాల్ని తేల్చేంత తేడా కూడా కాదు. మేనల్లుడు రోజూ సైటు చూసి, తేదీలు సరిచూసి, పదిమందికి అర్థమయ్యేలా రాస్తున్నాడు. ఆ శ్రమకి యాభై అడిగితే అడగనివ్వండి, ఇచ్చేవాళ్లు ఇస్తారు. కాకపోతే దేవస్థానం తన వెబ్‌సైట్‌లో అందరికీ ఉచితంగా ప్రకటించే సమాచారమే తాను చెబుతున్నానని గ్రూపు మొదట్లోనే రాయమనండి. డబ్బు పుచ్చుకున్నాక జనం "టికెట్ గ్యారంటీయా?" అని అడుగుతారు. అక్కడ అవునన్నా, "మీ ఆధార్ నంబర్లు పంపండి, నేనే బుక్ చేస్తా" అన్నా, వేరే వాళ్ల ఓటీపీలు అడిగినా కథ మారిపోతుంది. అప్పుడు వాడు నిజంగానే దళారీ అవుతాడు. తిరుపతిలో అలాంటివాళ్లను పోలీసులు పట్టుకున్న వార్తలు మీరు పేపర్లో చదువుతూనే ఉంటారు. కుర్రాడి మంచి కోరితే ఈ గీత ఎక్కడుందో చూపించండి.

ఇక మీ ముందున్న దారులు.

అలర్టు సంగతి అలాగే వదిలేసి, ఒక్కటే అడగడం ఒక దారి. రెండు టేబుళ్లలో పాపకి ఎక్కువ నచ్చేది ఒకటి ఉంచుకుని రెండోది ఇప్పుడే రద్దు చేయమనడం, కోట దొరికిన నిమిషమే ఆ ఒకటీ వదిలేయమనడం. దీనికి అల్లుడు ఒప్పుకునే అవకాశం చాలా ఎక్కువ. డబ్బుతో వేగం కొన్నారన్న చిన్న నలుసు మీ మనసులో మిగిలిపోతుంది, దానితో మీరు సర్దుకోవాలి. నాకైతే ఇది తేలికైన దారిగా అనిపిస్తోంది.

రెండోది, అలర్టు ఆపేసి ఆ పని మీరే చేయడం. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను. వాళ్లకు రాత్రి అయితే మనకు పగలు. తిరుపతిలో మీరు టిఫిన్ చేసి పేపరు మడిచి పెట్టే పదకొండు గంటలకు అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది, అందరూ నిద్రలో ఉంటారు. అల్లుడి లాగిన్ తీసుకుని అప్పుడప్పుడూ చూస్తుంటే మీకే దొరకొచ్చు. డబ్బు మాటే లేదు. అయితే దీని కష్టం తెలుసుకుని దిగండి. రెండో రోజుకే విసుగు వస్తుంది, మీ ఆవిడ "కళ్లు పోతాయి" అంటారు, వారం తర్వాత కూడా ఏమీ దొరక్కపోవచ్చు. దొరికితే మాత్రం అర్ధరాత్రి అల్లుడికి ఫోను చేసి "అయ్యా, టేబుల్ పడింది" అని లేపాలా, మీరే నొక్కేయాలా అన్నది తేల్చుకోవాలి. అప్పుడు ఆ నర్సు కంటే మీకు అదృష్టం ఎక్కువైనట్టే, డబ్బు వల్ల కాదు, రిటైర్‌మెంట్ తీరిక వల్ల. అది న్యాయమా అని మళ్లీ నాకు ఉత్తరం రాయకండి.

మూడోది మీరు మనసులో అనుకున్నట్టుంది: వాళ్లు వెళ్తారు, నేను ఆ టేబుల్ దగ్గర కూర్చోను. కూర్చోకపోతే మీ మాట నిలబడుతుంది. కానీ అయిదేళ్ల పిల్లకి మీ మాట అర్థం కాదు, తాత రాలేదన్నదే అర్థమవుతుంది. అల్లుడికి అది జీవితాంతం గుర్తుండే దెబ్బ. మీ తమ్ముడికి కుదరదన్నప్పుడు మీరు చేయాల్సిన తప్పు పనిని చేయనన్నారు. ఇక్కడ మీరు చేయాల్సింది ఏమీ లేదు, కూర్చుని భోంచేయడమే. ఈ దారి మీకు మూసేసి లేదు, కానీ దీని ఖర్చు ఎక్కువ, అదీ మీరు కాకుండా పిల్ల కట్టాలి.

నాలుగో దారి కోటని వదిలేయడం. "లేదని చెబితే వినదా" అన్నారు. వింటుంది. పిల్లలు మనం అనుకున్నదానికంటే బాగానే వింటారు. కానీ ఆ మాట తల్లిదండ్రులు చెప్పాలి, తాత వీడియో కాల్‌లో తీర్పు ఇస్తే కాదు. కోట భోజనం అన్నం కాదు, దర్శనం కాదు, ఒక ముచ్చట. ముచ్చటకు వేరే దారులున్నాయి. ఆ కోట ఉన్న మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులోనే ప్రిన్సెస్ ఫెయిరీటేల్ హాల్ అని ఒకటి ఉంది. అక్కడ రిజర్వేషన్ లేకుండా మామూలు క్యూలో నిలబడి సిండ్రెల్లాను కలిసి ఫొటో దిగొచ్చు. సర్వదర్శనం అలవాటున్న మీకు ఆ క్యూ ఒక లెక్కా! పుట్టినరోజు పిల్లలకు పార్కులో ఉచితంగా ఒక బ్యాడ్జి ఇస్తారు. అది పెట్టుకుంటే అక్కడ పనిచేసేవాళ్లంతా ఎదురుపడ్డప్పుడల్లా శుభాకాంక్షలు చెబుతారు. ఖాళీ ఉన్న రెస్టారెంట్లలో అప్పటికప్పుడు పేరు ఇచ్చుకునే వెయిటింగ్ లిస్టు కూడా వాళ్ల యాప్‌లో ఉంది. పండగ రద్దీలో కోట భోజనానికి దాని మీద ఆశ పెట్టుకోకండి, వేరే చోట్లకు పనికొస్తుంది. ఈ దారిలో పోతే, దొరకకపోవచ్చని పాపకి ఇప్పట్నుంచే చెప్పి ఉంచమనండి. ఆ రోజు గౌను తొడిగాక చెబితే మాత్రం ఏడుపే.

మీరేది ఎంచుకున్నా ముందు అల్లుడితో మాట్లాడాలి. వీడియో వద్దు, మామూలు కాల్ చేయండి. పాప స్కూలుకి పోయాక, అమ్మాయి పక్కన లేనప్పుడు. ఆయన తన భార్యకీ బిడ్డకీ ముందు దళారీ అనిపించుకున్నాడు, ఆ అవమానం అందరి ముందే తుడవాలని చూస్తే మళ్లీ సీన్ అవుతుంది. క్షమాపణ పత్రం చదవనక్కర్లేదు. "నాయనా, ఆ రోజు బస్టాండు మాట అనకుండా ఉండాల్సింది. అది ఎలా పనిచేస్తుందో ఈమధ్యే తెలుసుకున్నాను" అనండి చాలు. మదనపల్లె కుర్రాడు, అర్థం చేసుకుంటాడు. టేబుళ్ల సంగతి ఆ ఫోనులోనే ఎత్తకండి. రెండు రోజులాగి, "మనకి రెండూ అవసరమా?" అని అడగండి. ఒకే ఫోనులో మాట వెనక్కి తీసుకుని, వెంటనే ఇంకో మాట అంటిస్తే మొదటిది పనిచేయదు.

ఇంకొకటి. కోట ముచ్చట పాపదేనా, అమ్మాయిది కూడానా? చిన్నప్పుడు లేదని చెప్పించుకున్న పిల్ల తన కూతురికి ఉందని చెప్పాలని ఆరాటపడటం మనం రోజూ చూసేదే. అది మీ పెంపకం మీద ఫిర్యాదు అని తీసుకోకండి. అమ్మాయిని నేరుగా అడిగి చూడండి, ఏమంటుందో. ఆమె ఇప్పటిదాకా మీ ఇద్దరి మధ్య నోరు మెదపలేదని రాశారు. ఆ మౌనానికి కారణం నాకంటే మీకే బాగా తెలుస్తుంది.

మీరు శాకాహారులని చివర్లో రాశారు, అక్కడేం తినాలన్న బెంగ కూడా కనిపించింది. డిస్నీ మెనూల్లో ఆకు గుర్తు ఉన్నవాటిలో మాంసమే కాదు, గుడ్డు, పాలు కూడా ఉండవు. వడ్డించేవాళ్లకు కూర్చోగానే చెప్పండి, ఓపిగ్గా వింటారు. పెరుగన్నం మాత్రం కిసిమ్మీ ఇంట్లో వండుకోవాల్సిందే, ఆవకాయ సీసా సూట్‌కేసులో పెట్టేటప్పుడు మూత గట్టిగా బిగించమనండి.